ఒంగోల్లో ఇంద్ర రీ రిలీజ్ చూశా: షో గురించి కొంచెం, బి.గోపాల్ గారి గురించి చాలా

ముందు షో సంగతి చెప్పేస్తా, చాలామందికి కావాల్సింది అదే కాబట్టి. 2024 ఆగస్టు 22న చిరంజీవి గారి పుట్టినరోజుకి, 2002లో బి.గోపాల్ గారు డైరెక్ట్ చేసిన ఇంద్ర మళ్లీ వేశారు గదా, దాన్ని నిర్మించిన వైజయంతీ మూవీస్‌కి యాభై ఏళ్లు నిండిన సందర్భం కూడా కలిసొచ్చింది. ఒంగోల్లో ఒక సింగిల్ స్క్రీన్‌లో చూశాను. ప్రింట్ చాలా బాగుంది. ఇన్నాళ్లూ టీవీలో అరిగిపోయిన రంగులతో, పక్కన ఛానల్ బొమ్మలు, కింద స్క్రోలింగ్‌తో చూసి చూసి అసలు ఈ సినిమా ఎంత పెద్ద ఫ్రేముల్లో తీశారో మర్చిపోయాం మనం. కాశీ ఘాట్ మెట్లు, గంగ మీద పడవలు, వెనకాల జనం, అన్నీ విడివిడిగా కనపడుతుంటే కొత్త సినిమాకి వచ్చినట్టే ఉంది.

సౌండ్ మాత్రం దెబ్బేసింది. అది సినిమా తప్పు కాదు, హాలు తప్పు. కుడివైపు గోడకున్న స్పీకర్ ఒకటి బేస్ వచ్చినప్పుడల్లా గరగరా అంటానే ఉంది, మణిశర్మ గారి బ్యాక్‌గ్రౌండ్ లేచిన ప్రతిసారీ పరుచూరి బ్రదర్స్ రాసిన మాట కింద పడిపోతోంది. ఇంటర్వెల్లో వెళ్లి చెప్తే క్యాంటీన్ దగ్గరున్న కుర్రాడు "జనం అరుపుల్లో ఎవరికి వినపడుద్దన్నా" అన్నాడు. నాకు వినపడుద్ది తమ్ముడూ. డబ్బులిచ్చి టికెట్ కొన్నోడికి మాట కూడా వినపడాలి. సూళ్లూరుపేటలో అంత పెద్ద తెర, అంత మంచి సౌండ్ ఉందని తెలిసి మా ఊరి కుర్రాళ్లు బండ్లేసుకుని అంత దూరం పోతున్నారంటే ఊరికే పోవట్లా. ఇక్కడ ఉన్న హాళ్లోళ్లు ఆ ఒక్క స్పీకర్ మార్చుకోలేరా? ఏసీ కూడా సెకండాఫ్‌కి గానీ పూర్తిగా వెయ్యలేదు. కాగితాలు చల్లుడు, విజిల్స్, వీణ స్టెప్పు పాటకి సీట్ల మీదకెక్కి ఊగుడు, అదంతా మామూలే, దాని మీద నాకు కంప్లైంట్ లేదు, లారెన్స్ కంపోజ్ చేసిన ఆ స్టెప్పుకి కూర్చుని ఉండమంటే ఎవరు మాత్రం ఉంటారు.

ఒక్క ముచ్చట చెప్పాలి. ఫ్లాష్‌బ్యాక్‌లో చిన్నప్పటి ఇంద్రసేనారెడ్డిగా తేజ సజ్జా కనపడగానే హాలు మొత్తం లేచింది. అదే ఏడాది జనవరిలో హనుమాన్‌తో ఆ పిల్లాడు పెద్ద హీరో అయి కూర్చున్నాడు గదా, 2002కి ఇంకా పుట్టని కుర్రాళ్లు కూడా ఆ బాల నటుణ్ణి చూసి మా హీరో అని అరుస్తుంటే భలే ఆనందమేసింది.

ఇంత గోలలో ఒక్కచోట మాత్రం హాలు నిశ్శబ్దంగా అయిపోయింది. అందుకే ఇదంతా రాస్తున్నా. ఎవరికైనా గుర్తుండే సీనే, తప్పు తన వైపుంది కాబట్టి తల దించుకుని వెళ్తున్నానని హీరో పగవాడి మొహం మీద చెప్పే సీను. ఆ డైలాగ్ మన కుర్రాళ్లందరికీ నోటికొచ్చు, స్టేటస్‌లలో పెట్టుకుంటారు, దానికి అరుపులొస్తాయనే నేనూ అనుకున్నా. అరుపులు డైలాగ్ అయ్యాకే వచ్చినయి. దానికి ముందు ఆ మనిషి ఏమీ చెయ్యకుండా నిలబడి ఉన్నంతసేపు చుట్టూ ఎవడూ విజిల్ వెయ్యలా. నా ముందు వరసలో అప్పటిదాకా ఫోన్ పైకెత్తి వీడియో తీస్తున్న కుర్రాడు కూడా చెయ్యి కిందకి దించేశాడు. కొట్టగలిగినోడు కొట్టకుండా ఉంటే జనానికి గుండె ఎట్టా బిగుసుకుంటదో ఆ డైరెక్టర్‌కి తెలుసు. తెలియడమే కాదు, దాన్ని ఎంతసేపు సాగదీయొచ్చో, ఎక్కడ వదిలెయ్యాలో కూడా కొలిచినట్టు తెలుసు.

బి.గోపాల్ గారి పేరు ఎత్తితే మనోళ్లకి వెంటనే గుర్తొచ్చేది సుమోలు గాల్లో లేవడం, తొడ కొట్టడం, వేట కొడవళ్లు. నాతోపాటు షోకి వచ్చిన మా పెదనాన్న కొడుకు కూడా అదే అన్నాడు, "ఆ బాంబులేసే సినిమాల డైరెక్టరే గదరా" అని. నేనన్నా, "అన్నా, బాంబులు అందరూ వేశారు, మరి ఆ సినిమాలన్నీ ఎందుకు ఆడలేదో చెప్పు" అని. సెకండాఫ్ మొదలవడంతో అప్పుడు ఆగిపోయింది ఆ మాట. ఇప్పుడు ఇక్కడ చెప్తా.

ఆయన మన ప్రకాశం జిల్లా మనిషి. ఈ జిల్లా సినిమాకి ఇచ్చిన వాళ్ల గురించి మాట్లాడాల్సి వస్తే మా వైపు ఎక్కువగా టి.కృష్ణ గారి పేరు, మాదాల రంగారావు గారి పేరు చెప్తారు. నేటి భారతం, ప్రతిఘటన, యువతరం కదిలింది, ఎర్రమల్లెలు, అవన్నీ గౌరవంగా చెప్పుకునే సినిమాలు, చెప్పుకోవాల్సినవే. గోపాల్ గారి దగ్గరికొచ్చేసరికి మాత్రం "ఆయన కమర్షియల్లే" అని ఒక్క మాటతో పక్కన పెట్టేస్తారు. నాకు ఇది మొదటినుంచీ నచ్చదు. కమర్షియల్ సినిమా తీసి ఊళ్లకి ఊళ్లని హాలుకి రప్పించడం తేలికైన పనైతే ఇండస్ట్రీలో ఇంతమంది ఎందుకు చతికిలపడుతున్నారు?

ఆయన రాఘవేంద్రరావు గారి దగ్గర అసిస్టెంటుగా పని నేర్చుకుని వచ్చిన మనిషి, పాట తీయడం అక్కడే వచ్చింది. డైరెక్టర్‌గా మొదటి సినిమా 1986లో ప్రతిధ్వని. నిర్మాత ఎవరంటే మన కారంచేడు రామానాయుడు గారే. ఆ సినిమాలో అసలు హీరో ఎవరండీ? శారద గారు. అర్జున్ ఉన్నాడు, రజని ఉంది, అయినా బరువంతా శారద గారి మీదే పెట్టాడు. మొదటి సినిమా ఛాన్స్ దొరికిన కుర్ర డైరెక్టర్ వయసు మీద పడిన ఒక నటిని మధ్యలో నిలబెట్టి యాక్షన్ సినిమా తీశాడంటే ఆ ధైర్యం గురించి ఎవరూ మాట్లాడరేంటి? అది అంత ఆడబట్టే హిందీలో రేఖ గారితో ఇన్సాఫ్ కీ ఆవాజ్ అని మళ్లీ ఆయనే తీశాడు. తర్వాత కలెక్టర్ గారి అబ్బాయి, నాగేశ్వరరావు గారు నాగార్జున కలిసి చేసింది, దాన్ని హిందీలో కానూన్ అప్నా అప్నా అని దిలీప్ కుమార్ గారితో తీశాడు. దిలీప్ కుమార్‌కి షాట్ చెప్పిన ఒంగోలు ప్రాంతం మనిషి ఇంకెవరైనా ఉంటే చెప్పండి, వింటాను.

1989 నుంచి 92 దాకా ఆయన జోరు చూడండి. స్టేట్ రౌడీ, బొబ్బిలి రాజా, లారీ డ్రైవర్, అసెంబ్లీ రౌడీ, రౌడీ ఇన్‌స్పెక్టర్. చిరంజీవి, వెంకటేష్, బాలకృష్ణ, మోహన్‌బాబు, ఒకరి తర్వాత ఒకరు, అందరికీ వాళ్ల వాళ్ల అభిమానులు ఇప్పటికీ గుర్తుపెట్టుకునే సినిమాలు ఇచ్చాడు. బొబ్బిలి రాజా ఇప్పుడు పెట్టినా కూర్చుని చూడొచ్చు, అడవి, ఇళయరాజా పాటలు, తెలుగులో దివ్యభారతికి అదే మొదటి సినిమా, వాణిశ్రీ గారి పొగరు. ముఖ్యంగా వాణిశ్రీ గారు. అల్లుడు కాబోయేవాణ్ణి చూసే చూపుంది చూశారా, ఆ చూపు కోసం కెమెరా ఆగుద్ది. గోపాల్ గారి సినిమాల్లో నేను గమనించింది ఏంటంటే హీరో ఎంత పెద్దోడైనా సరే ఎదురుగా ఒక బలమైన మనిషిని పెడతాడు, ఆ మనిషికి పూర్తిగా టైం ఇస్తాడు. లారీ డ్రైవర్లోనూ రౌడీ ఇన్‌స్పెక్టర్లోనూ విజయశాంతి గారు పాటలకి వచ్చి పోయే రకం హీరోయిన్ కాదు గదా, బాలకృష్ణ పక్కన నిలబడి సమానంగా మాట్లాడుద్ది.

తర్వాత మధ్యలో కొన్నాళ్లు గట్టి హిట్టు పడలా. ఆ గ్యాప్ తర్వాత 1999 సంక్రాంతికి సమరసింహారెడ్డి. ఇక్కడ ఒక మాట సరిగ్గా చెప్పుకోవాలి, ఫ్యాక్షన్ సినిమా కనిపెట్టింది ఈయనే అని పొగిడేవాళ్లూ అంటారు, తిట్టేవాళ్లూ అంటారు. రెండేళ్ల ముందే 1997లో జయంత్ తీసిన ప్రేమించుకుందాం రా ఉంది, అందులో సీమ ఉంది, ఫ్యాక్షన్ ఉంది, జయప్రకాష్ రెడ్డి గారున్నారు. పేరు మార్చుకుని అణిగిమణిగి బతికే హీరో, మధ్యలో ఫ్లాష్‌బ్యాక్‌లో విశ్వరూపం అనేది కూడా 1995లోనే బాషాలో చూసేశాం. ఈయన కొత్తగా చేసిందేంటి మరి? విజయేంద్రప్రసాద్ గారు ఇచ్చిన ఆ కథలో హీరో దాక్కోవడానికి కారణం భయం కాదు, మాట కోసం కూడా కాదు. చెయ్యని తప్పుకి ఒక కుర్రాణ్ణి చంపేశాడు, ఆ కుర్రాడి కుటుంబానికి కొడుకు లేని లోటు తీర్చాలని అబ్బులు అని పేరు పెట్టుకుని పనివాడిలా వచ్చి పడున్నాడు. అంటే మనం చప్పట్లు కొట్టే ఆ వీరుడు నిజానికి నేరం చేసినవాడు, అది వాడికి తెలుసు, ప్రతి పూటా గుర్తుంటది. దీన్ని పక్కన పెట్టి సుమోలు లెక్కపెట్టుకుంటే సినిమా అర్థం కాదు.

గోపాల్ గారి గొప్పతనం నాకు ఇక్కడ కనపడుద్ది. ఈ పశ్చాత్తాపం గురించి ఎక్కువ మాటలు పెట్టకుండా ఆ మనిషి నడకలో, కూర్చునే చోట్లో పెట్టాడు. ఆ ఇంట్లో వాళ్ల ముందు అబ్బులు నిలబడే తీరు చూడండి, భుజాలు లోపలికి పోయి ఉంటయి. సమరసింహారెడ్డిగా మారాక అదే భుజాలు ఫ్రేమంతా ఆక్రమిస్తయి. బాలకృష్ణ గారి చేత ఇంత తేడా చూపించిన డైరెక్టర్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. విలన్ సంగతి సరేసరి, జయప్రకాష్ రెడ్డి గారు కర్నూలు జిల్లా మనిషి, టీచర్ ఉద్యోగం చేసి వచ్చిన మనిషి, ఆయన యాసని ఆయనకి వదిలేశాడు. మన సినిమాల్లో ఎక్కువగా కామెడీకి వాడుకున్న సీమ యాస ఆ వీరరాఘవరెడ్డి నోట్లో భయం పుట్టించింది.

నరసింహనాయుడు 2001 సంక్రాంతికి. కథ చిన్నికృష్ణ గారిది. ఇందులో హీరో కూచిపూడి నేర్పే మాస్టారు, చిన్న కొడుకుని పెట్టుకుని బతుకుతుంటాడు. కాలికి గజ్జె కట్టి పిల్లలకి అడుగులు చెప్పే మనిషి చేతికి కత్తి ఇవ్వబోతున్నాం అని డైరెక్టర్‌కి మొదటి రీలు నుంచే తెలుసు, మనక్కూడా పోస్టర్ చూసి తెలుసు, అయినా సరే తొందరపడడు. ఎన్నిసార్లు చూసినా నాకు నచ్చేది ఈ తొందరపడకపోవడమే. ఫ్లాష్‌బ్యాక్‌లో ఊరి కాపలా కోసం ఇంటికొక మగబిడ్డని ఇవ్వాలన్న కట్టుబాటు, తన కొడుకునే ఇచ్చేసిన తండ్రిగా కె.విశ్వనాథ్ గారు. శంకరాభరణం తీసిన మనిషిని తెచ్చి ఫ్యాక్షన్ సినిమాలో తండ్రిగా కూర్చోబెట్టడం ఎవరి ఆలోచనో గానీ దాని వల్ల ఆ సినిమా ఎత్తే మారిపోయింది. ఆయన గొంతు పెంచడు. మామూలుగా మాట్లాడతాడు. బిడ్డని ఊరికి ఇచ్చేసిన తండ్రి అంత మామూలుగా మాట్లాడుతుంటే చూసేవాడికి లోపల ఏదో అవుద్ది. చుట్టూ వంద మంది కత్తులతో ఉన్న సినిమాలో ఎక్కువ బరువు ఒక పెద్దాయన నెమ్మదైన మాటకి ఉండటం, అది డైరెక్టర్ పని కాదంటారా?

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. 2001కి బాలకృష్ణ గారికి ఉత్తమ నటుడిగా నంది వచ్చింది నరసింహనాయుడుకి, 2002కి చిరంజీవి గారికి వచ్చింది ఇంద్రకి. వరసగా రెండేళ్లు, ఇద్దరు వేరే వేరే హీరోలు, డైరెక్టర్ ఒక్కడే. పెద్ద హీరోలు గాబట్టి ఇచ్చారులే అనేవాళ్లు ఉంటారు, వాళ్లిద్దరూ ఆ రెండు సినిమాలతోనే హీరోలయ్యారా? అంతకు ముందు ఎన్ని చెయ్యలేదు, వాటిలో చాలావాటికి రాని నంది వీటికి ఎందుకొచ్చిందో ఒక్క నిమిషం ఆలోచించండి.

మళ్లీ ఇంద్రకి వస్తా. కాశీలో టాక్సీ తోలే శంకర్ నారాయణ, అసలు పేరు ఇంద్రసేనారెడ్డి, సీమకి నీళ్లు వస్తాయంటే ఉన్నదంతా వదిలేసి వచ్చేసిన మనిషి. నా పక్కన ఒకాయన కూర్చున్నాడు, కనిగిరి నుంచి పనిమీద వచ్చి రాత్రికి బస్సు లేటని షోకి వచ్చాడంట, యాభై పైనే ఉంటాయి. పాటలప్పుడు పెద్దగా పట్టించుకోలా. నీళ్ల సీన్లు వచ్చినప్పుడు మాత్రం ముందుకి వంగి కూర్చున్నాడు. ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగిపోయిన మనుషుల్ని చూస్తూ పెరిగిన ప్రాంతం అది, వెలిగొండ ప్రాజెక్టు నీళ్ల కోసం ఎన్నేళ్లుగానో ఎదురుచూస్తున్న ప్రాంతం. "మాకూ ఒకడు కావాలబ్బాయ్ అట్టాంటోడు" అన్నాడు నాతో, నవ్వుతా కాదు. మన జిల్లా ఎట్టాంటిదంటే తూర్పున సముద్రం, టంగుటూరు, కొండపి వైపు పొగాకు, పడమటకి పోయేకొద్దీ రాళ్లు, ఎండ. మార్కాపురం, గిద్దలూరు 1970లో ఈ జిల్లా ఏర్పడేదాకా కర్నూలు జిల్లాలోవే. సీమ మాకు పక్కింటి సంగతి. ఆ పక్కింటి కష్టం చూసిన మనిషి తీశాడు కాబట్టే ఇంద్రలో నీళ్ల మాట పైపైన అతికించినట్టు ఉండదని నా నమ్మకం. కథ రాసింది, మాటలు రాసింది వేరేవాళ్లే, ఒప్పుకుంటా, కానీ ఆ జనాన్ని నిలబెట్టిన తీరు డైరెక్టర్‌దే. ఎండలో నిలబడ్డ ఊరి జనం, ముసలోళ్లు, చంకన పిల్లలతో ఆడాళ్లు, ఎవరు ఎవరి వైపు చూస్తున్నారో స్పష్టంగా ఉంటది. ఈ రోజుల్లో వెయ్యి మందిని పెట్టి డ్రోన్‌తో పైనుంచి తీసేస్తున్నారు, ఒక్క మొహం గుర్తుండదు.

తనికెళ్ళ భరణి గారిని చూడండి ఇందులో. సినిమాలో చాలా భాగం నోరు మెదపడు. రచయితగా అన్ని మాటలు తెలిసిన మనిషికి మాటల్లేని వేషం ఇచ్చి, కళ్లతోనే మొత్తం లాగించారు. టీవీలో చూసినప్పుడు ఆయన ఎక్కడో మూలన ఉన్నట్టు ఉంటాడు, పెద్ద తెర మీద అర్థమైంది, హీరో అవమానం దిగమింగిన ప్రతిచోటా ఆయన మొహం కూడా ఫ్రేములో ఉండేలా చూసుకున్నారని. హీరో ఏడవడు, ఆ ఏడుపు ఈయన మొహం మీద కనపడుద్ది. రీ రిలీజ్‌కి వెళ్లినందుకు నాకు దొరికిన కొత్త విషయం ఇదే, టికెట్ డబ్బులు దీనికే సరిపోయినయి.

లోపాలు లేవా అంటే ఉన్నాయి, గట్టిగానే ఉన్నాయి. సీమ వాళ్లకి ఈ సినిమాల మీద ఉన్న కోపం న్యాయమైంది. కడప, కర్నూలు పేరెత్తితే బాంబులు, తలకాయలు తప్ప ఇంకేం లేనట్టు బయటోళ్లు అనుకునేలా అయింది, ఉద్యోగాలకి, చదువులకి వేరే ఊరు పోయిన పిల్లలు ఆ మాటలు పడ్డారు. గోపాల్ గారి సినిమాల్లో కనీసం ఆ కక్షల వల్ల పోయిన ప్రాణాల బరువు కనపడుద్ది, తర్వాత ఆ దారిలో వచ్చిన కాపీలు ఆ బరువు తీసేసి సుమోలు మాత్రం ఉంచుకున్నాయి. అయినా ఆ తలుపు వెడల్పుగా తీసింది ఈయన హిట్లే, ఆ బాధ్యతలో భాగం ఈయనది కాదంటే కుదరదు.

ఇంకోటి, శారద, వాణిశ్రీ, విజయశాంతి లాంటి వాళ్లకి అంత జాగా ఇచ్చిన మనిషి 1999 తర్వాత సినిమాల్లో హీరోయిన్లని ఎందుకంత పలచన చేశాడో నాకు మింగుడుపడదు. ఇంద్రలో ఆర్తీ అగర్వాల్, సోనాలీ బెంద్రే ఇద్దరూ ఉన్నారు, ఇద్దరికీ పాటలున్నాయి, ఇద్దరూ హీరో చుట్టూనే తిరుగుతారు, వాళ్లకంటూ ఒక ఆలోచన ఉన్న సీను వెతుక్కోవాలి. కామెడీ ట్రాకులు హాల్లో ఇప్పుడు లాగుతున్నాయి, దాదాపు మూడు గంటల సినిమాలో ఒక ఇరవై నిమిషాలు తేలిగ్గా పోతుంది. ఆ టైంలోనే సగం హాలు క్యాంటీన్‌కి పోయింది.

ఇక 2003లో బాలకృష్ణ గారితోనే పల్నాటి బ్రహ్మనాయుడు. తొడ కొడితే రైలు వెనక్కి పోయే ఆ సీను గురించి ఇప్పటికీ మీమ్స్ వస్తుంటాయి, నేను మళ్లీ చెప్పక్కర్లేదు. కానీ ఆ సినిమా ఎందుకు పోయిందో చూస్తే ముందు మూడూ ఎందుకు నిలబడ్డాయో తెలుస్తుంది. సమరసింహారెడ్డి, నరసింహనాయుడు చేసిన హీరోనే, డైరెక్టర్ అదే, తొడ అదే. లేనిది ఒక్కటే, ఆ దిగమింగడం. చెయ్యెత్తకుండా ఉన్నోడు చెయ్యెత్తితేనే జనం లేచి నిలబడతారు. మొదటినుంచీ ఎత్తే ఉంచితే, ఇంకా పైకి ఏం ఎత్తాలో తెలియక చివరికి రైలు మీదకి పోవాల్సొచ్చింది. వంటలో ఉప్పు ముందే కుమ్మరించి తర్వాత కూర్చుని మసాలాలు సర్దుకున్నట్టుంది. ఆయన బలం ఎక్కడుందో ఆయన సినిమాకి కథ కుదిర్చినవాళ్లే గమనించలేదేమో అని నాకు బాధేస్తుంది.

ఆ తర్వాత ఆయన చేసినవి తక్కువే. ప్రభాస్‌తో అడవి రాముడు, రామ్‌తో మస్కా, పర్లేదు అన్నట్టు ఉంటాయి. ఆరడుగుల బుల్లెట్ అయితే ఏళ్ల తరబడి ఆగి ఆగి 2021లో గానీ బయటికి రాలా. టి.కృష్ణ గారి అబ్బాయి గోపీచంద్‌తో గోపాల్ గారు, అంటే మన జిల్లా పేర్లు రెండు ఒకే పోస్టర్ మీద, దానికి అట్టాంటి గతి పట్టడం అన్యాయం. టైంకి వచ్చుంటే ఎట్టా ఉండేదో.

రేటింగ్ అడిగితే, ప్రింట్‌కి అయిదుకి నాలుగున్నర, హాలుకి రెండు, అది కూడా సీట్లు బాగున్నాయి కాబట్టి. సినిమాకి నాలుగు. ఇంకా ఎవరైనా వేస్తే కుదిరినోళ్లు మధ్య వరసల్లో తీసుకోండి, మరీ ముందు కూర్చుంటే కాగితాల వానలో సగం కనపడదు. బాల్కనీ చివర కూర్చుంటే అభిమానుల అరుపులకి మాట అందదు. ఇంట్లో ఆడాళ్లని, పెద్దోళ్లని తీసుకెళ్లాలనుకుంటే పుట్టినరోజు షో కాకుండా మర్నాడు ఫస్ట్ షోకి పోండి, ప్రశాంతంగా ఉంటది.

రీ రిలీజులు చేసేవాళ్లకి, ఒంగోలు నెల్లూరు హాళ్లోళ్లకి నాదొక విన్నపం. ఎప్పుడూ అవే నాలుగు సినిమాలు తిప్పి తిప్పి వెయ్యకండి. బొబ్బిలి రాజా మంచి ప్రింట్ చేసి వెయ్యండి, ఆ అడవి, ఆ పాటలు పెద్ద తెర మీద చూసి ఎన్నేళ్లయింది. దాంతోపాటు ప్రతిధ్వని కూడా ఒక్క వారం, కనీసం రోజుకొక్క షో వెయ్యండి. శారద గారు యూనిఫాం వేసుకుని తెర మీదకొస్తే ఈ తరం పిల్లలు కూడా విజిలేస్తారు, నేను ముందే టికెట్లు బుక్ చేస్తా, మా ఇంట్లో అందరికీ. ఈలోపల ఆ కుడివైపు స్పీకర్ మార్పించండి.